సూది దుంకే జాగ

రిపేరు పైసలకు బదులు
పెర్సీ గార్డు ఒక రికార్డు ఇచ్చిపోయిండు.
రిటైరై కాజీపేట ఇడిసిపెట్టే రోజు,
చేతుల గొడుగు, చంకల ఈ నల్లటి పళ్లెం.

అట్ట మీది అక్షరాలను
ఆ ఏడు వాన తీస్కపోయింది.
నడిమిట్ల గుండ్రటి కాయితాన్ని పురుగు తిన్నది.
మిగిలింది ఒక్క బొమ్మ.
బొటనవేలి కొస మీద నిలవడ్డ పిల్ల,
రెండు చేతులు మీదికి.
అమ్మ బీడీల చాట వొళ్లె పెట్టుకొని చూసింది.
"అటక మీది డబ్బా అందుతలేదు పాపం" అన్నది.

స్టేషన్ రోడ్డుల ఓదేలు రేడియో సర్వీస్ మాది.
బాపు ప్లేయరుకు
పెట్టె ఒకరిది, మోటరు ఒకరిది,
స్పీకరు ఎవరో ఇచ్చి మర్చిపోయింది.

మొదలు ఏదో ఊదుతరు,
జలుబు చేసిన సన్నాయోలె.
జరసేపు ఏం లేదు, సూది గరగర.
అటెన్క ఫిడేళ్లు.
ఎన్నో లెక్క తెల్వదు,
అన్ని కలిసి ఒక్క సోటనే గుద్దుతయి
గుద్దుతయి
గుద్దుతయి.
బెల్టు మార్పిద్దామని వచ్చిన వీరస్వామి తాత,
ఆజంజాహి మిల్లుల జాబర్,
కుర్చీల నుంచి లేచి నిలవడ్డడు.
"షిఫ్టు మొదలైంది" అన్నడు.
మిల్లు మూతవడ్డ సంగతి
ఎవ్వలం గుర్తుచెయ్యలే.

"ఇది ఆట" అన్నడు బాపు.
పెర్సీ దొర చెప్పిండట, దీనికి మనుషులు ఆడుతరని.
"ఆడెటోళ్లు ఏరి మరి?" అమ్మ.
బాపు స్పీకరు దిక్కు చూసిండు.
జాలి ఎన్క దుమ్ము అదురుతున్నది.

డప్పు మొగిలన్న చాయ తాగుతా ఆగిండు.
వేళ్లతోని బెంచి మీద పట్టుకపోయిండు.
మూడు. మూడు. రెండు. మల్ల ఐదు.
"ఎవడ్రా ఈడు, పడేకాడ ఇడుస్తడు
ఇడిసేకాడ కొడ్తడు. తాగిండా?"
ఇంకోపాలి పెట్టుమన్నడు.
చాయ సల్లారిపోయింది.
మూడోపాలికి నిమ్మలంగ అన్నడు,
"తాగలే. లెక్క తప్పలే.
సావు ముంగట కొట్టెటోనికి ఎరుకుంటది,
పాడె మోసెటోళ్ల కాళ్లు
ఒక్క తీరుగ పడయి."

రెండో పక్క నడుమ
రామగుండం బొగ్గు గూడ్సు పోయింది ఒకనాడు.
బల్ల వణికింది, సూది దుంకింది, గీత పడ్డది.
అటెన్క గూడ్సు రాకున్నా
అక్కడికి రాంగనే దుంకుడే.
బాపు సూది నెత్తిన పదిపైసల బిళ్ల పెట్టిండు,
పావలా పెట్టిండు,
అగ్గిపెట్టె తోని ఒక దిక్కు లేపిండు.
వినలే.
పెద్ద డోలు ఒకటి లేస్తది,
లేచి
ఎక్కడ్నో వేరే తావుల ఫిడేలు ఏడుస్తది.
అది అంతేనేమో అనుకున్న.
ఆ పిల్ల కాలు గాల్లె ఉంచి
దొరలు దీపాలు ఆర్పుతరేమో.

మొన్న హన్మకొండల, వడ్డేపల్లి కట్ట మీద,
ఫోన్ల దొరికింది.
పేరు తెలిసింది, పట్నం తెలిసింది,
గీత లేదు, గరగర లేదు,
ఎవరో దగ్గితే గూడ వినవడేటంత సాఫు.
సూది దుంకే జాగ రాబట్టింది.
ఊపిరి బిగవట్టిన.

ఏం కాలే.
డోలు లేచింది, పడ్డది.
నేనెన్నడు వినని నాలుగు దెబ్బలు,
నడుమ గింతంత ఆగుడు,
కాలు నేల మీద ఆనింది.
బాగనే ఉన్నయి.
నాకే ఎందుకో
గూడ్సు కోసం చెవులు ఎతుకుతున్నయి.

ఇంటికి వొయ్యి అమ్మ చెవులల్ల పెట్టిన.
ఆమె బీడీలు బంద్ చేసి చాన్నాళ్లాయె,
ఉత్త వేళ్లు మాత్రం
వొళ్లె చుడుతనే ఉంటయి.
ఆ నాలుగు దెబ్బల కాడ అవి ఆగినయి.

కండ్లు తెరవకుండనే అడిగింది,
"అందిందా?"